గీత దగ్గర మనిషి

ఆదివారం పొగమంచు మధ్యాహ్నం దాకా విడవలేదు. పెద్దేముల్‌లో మా చేను దగ్గర కంది కట్టె తడిసి ఉంది. మిషన్‌లో వేస్తే కాయ పగలదని ఆగి, ఎండ పొడ కనిపించాకే నూర్పిడి మొదలుపెట్టాం. ఆ రోజు సాయంత్రమే మా డ్రిల్ సారు పోయారు. తాండూరు బడిలో ఆయన దగ్గర చదివినవాళ్లు ఈపాటికి వినే ఉంటారు. చివరి పూట ఆ ఇంట్లో ఉన్నవాణ్ణి కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

సారు మాకు నేర్పింది కబడ్డీ, ఖోఖో. ఆయనకు ఇష్టమైంది మాత్రం టెన్నిస్. ఎన్నడూ ఆడలేదు. కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసర్లు పోటీలు పెట్టుకుంటే అంపైరుగా కూర్చునేవారు. బడి అయిపోయాక కూడా నన్ను వెంట తీసుకుపోయి గీత దగ్గర నిలబెట్టేవారు. బంతి బయట పడితే 'అవుట్' అని అరవాలి. లోపల పడితే నోరు తెరవకుండా అరచెయ్యి నేలవైపు చాపాలి.

"మంచిగ వడ్డదానికి మాటెందుకు రా" అనేవారు.

ఆయనకు ఎడమ చెవి వినపడదు. చిన్నతనంలో బండల గనిలో తూటా దగ్గరగా పేలిందట. ఆట మొదలైతే మాత్రం ఆ చెవినే కోర్టు వైపు తిప్పేవారు. ఒక చలికాలం పొద్దున మంచులో అవతలి గీత కనపడటం లేదు. బంతి ఇంకా నెట్ దాటకముందే సారు 'అవుట్' అన్నారు. ఆడేవాళ్లు నవ్వారు. అందరం వెళ్లి చూశాం. ఎర్రమట్టిలో బంతి గుర్తు గీతకు బెత్తెడు అవతల ఉంది. ఇక ఎవరూ నవ్వలేదు.

తిరిగి వస్తుంటే అడిగాను. "సార్, మీకు ముందే ఎట్ల కనవడ్డది?"

"కనవడుడు కాదు రా. గీ చెవిల చప్పుడు జర ముందుగాల పడ్తది." కొంతదూరం నడిచాక, "గిది మంచిది కాదు. ఎవ్వనికి చెప్పకు" అన్నారు.

నేను చెప్పలేదు. అయినా మా అమ్మ, సారు ఇంటికి వస్తే చాయ్ ఇచ్చేది గానీ ఆ చెవి వైపు నిలబడేది కాదు.

ఆదివారం మేం నూర్పిడిలో ఉండగా సారు బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, నాయినకు పొద్దుగాల్నుంచి ఊపిరి ఆడ్తలేదు. పట్నం తీస్కపొమ్మన్నడు డాక్టరు. కారు వాకిట్ల నిలవడ్డది. టీవీ ముందల్నుంచి లేస్తలేడు. నువ్వన్న వచ్చి చెప్పు."

బండి మీద తాండూరులో సారు ఇంటికి వెళ్లాను. ఆస్ట్రేలియాలో మగవాళ్ల టెన్నిస్ ఫైనల్ నడుస్తోంది. సారు దుప్పటి కప్పుకుని ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. పెదవులు నల్లబడ్డాయి.

"సార్, పోదాం పాండ్రి."

"ఆట నడుస్తుండంగ అంపైరు కుర్సీ దిగుతడా రా?"

"ఆడ అంపైరు ఉన్నడు గద సార్."

"కుర్సీల ఉన్నడు. గీత దగ్గర మనుషుల్ని తీసేసి మిషన్లు పెట్టిండ్రు."

"నీకన్న మిషనే నయం నాయినా. చెప్తే ఇంటది" అంది బిడ్డ. సారు నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

ఒక ఆటగాడు రెండు సెట్లు ఓడిపోయి ఉన్నాడు. ఇంకో సెట్‌తో అయిపోతుందని ఆమె తండ్రి చెప్పులు తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. వాడు మూడోది గెలిచాడు. నాలుగోది కూడా గెలిచాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి.

ఐదో సెట్‌లో కరెంటు పోయింది. గదిలో ఏమీ కనపడలేదు. "ఫిఫ్టీన్ లవ్" అన్నారు సారు. బంతి అటూ ఇటూ తిరిగేంత సేపు ఆగి, "ఫిఫ్టీన్ ఆల్." మళ్లీ ఆగి ఇంకొకటి. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. కరెంటు వచ్చాక తెర మీద ఉన్నవి సారు చివరగా చెప్పిన అంకెలే.

"టీవీ బంద్ చెయ్యి అన్నా" అంది ఆమె మెల్లగా. నేను రిమోట్ తీసుకుని, నొక్కకుండానే పక్కన పెట్టాను.

కాసేపటికి సారు, "గేమ్, సెట్, మ్యాచ్" అన్నారు. తెర మీద ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఆయన కాళ్లతో చెప్పులు వెతుక్కుంటున్నారు.

"అయిపోయింది బిడ్డా, పోదాం పా. వెనకవడ్డోడే గెలుస్తడు. ఆఖరు బాల్ బయట అనుకుంటరు. గీత మీదనే పడ్తది." నా వైపు తిరిగి, "నువ్వు ఉండు. ఎవడన్న ఒకడు చూడాలె" అన్నారు.

కారు వెళ్లాక తలుపు దగ్గర నిలబడే టీవీ చూశాను. ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆట ఇంకా గంటదాకా సాగింది. ఎనిమిది కావస్తుండగా ఒక బంతి మూలకు పోయి పడింది. అవతలివాడు దాన్ని వదిలేసి, అవుట్ అన్న పిలుపు కోసం చూశాడు. పిలుపు రాలేదు. మళ్లీ వేసి చూపించినప్పుడు బంతి గీత వెనక అంచుకు తగిలి ఉంది. గెలిచింది వెనకబడ్డవాడే. అక్కడి అంపైరు ఎత్తు కుర్చీ దిగాడు. టీవీ ఆపి తాళం వేస్తుండగా ఫోన్ మోగింది.

దారిలో ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది. వికారాబాదు ఇవతల రైల్వే గేటు పడితే కారు ఆగింది. అద్దానికి తల ఆనించి పడుకున్న సారు కళ్లు తెరిచి, ఎడమ చెవి బయటికి తిప్పి, కుడి అరచెయ్యి నేలవైపు చాపి అట్లాగే ఉంచారు. "ఏంది నాయినా, నీళ్లు గావాల్నా" అని ఆమె అడిగింది. చెయ్యి దిగలేదు. రైలు వెళ్లి గేటు లేచినా దిగలేదు.

సారు తాండూరు విడిచింది ఆదివారం ఏడు కాకముందు. పోయింది గేటు దగ్గర, ఎనిమిదికి కాస్త ముందు.