చేయి నిమ్మళించాక

బీపీ మిషన్ పట్టీ గుర్రుమంటూ చేతికి బిగుసుకుంటుంటే, నాకు ఇప్పటికీ మహలక్ష్మి పిన్నిగారి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. మా ఉప్పాడలో జాందానీ చీర నేయాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పన్నెండేళ్లు ఆవిడ కుడివైపు, నేను ఎడమవైపు. ఒకరి చేయి తడబడితే రెండోవారి పనీ చెడుతుంది.

ఆవిడకో చాదస్తం ఉండేది. రాగానే దారం ముట్టనిచ్చేవారు కాదు. పాదాలు ఆనించి, చేతులు బట్ట మీద పెట్టి, మాటా పలుకూ లేకుండా కాసేపు కూర్చోవాల్సిందే. "చేయి నిమ్మళించనీవే రత్నం" అనేవారు. ఆ కాసేపట్లో ఒక పువ్వు నేయొచ్చు కదా అని నేను లోలోపల సణుక్కునేదాన్ని.

యాభై దాటాక నాకు నెలసరి ఆగిపోయి, ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఛాతీ నుంచి నెత్తి దాకా వేడి ఎగదన్నేది. నిద్ర చాలక పోగుల లెక్క తప్పేదాన్ని. ఒకరోజు ముంజేతి చెమట జారి తెల్లపట్టు మీద మరక పడింది. నాకు ఏడుపు ఆగలేదు.

"నేను దిగిపోతానండి. మీ పక్కకి ఇంకొకరిని చూసుకోండి" అన్నాను.

"నేనూ ఇలాగే దిగిపోయి ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నాను. దీనికి మందుందని నాకెవరూ చెప్పలేదు" అన్నారావిడ. "నువ్వు దిగకు. కాకినాడ పద."

కాకినాడలో డాక్టరమ్మ బీపీ చూశారు. నూట అరవై దాటింది. "హార్మోన్ మందు గురించి ఆలోచిద్దాం. ముందు ఇది దిగాలి. ఇదివరకు రాసిచ్చిన బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"తల బరువెక్కినప్పుడల్లా వేసుకుంటానండి" అన్నాను, అదేదో పొదుపరితనం అయినట్టు. పిన్నిగారు నన్ను కొరకొరా చూశారు.

"తలతో పని లేదండి, రోజూ వేసుకోవాలి. ఒక మిషన్ కొనుక్కుని, నెల్లాళ్లు ఇంట్లో పొద్దునా సాయంత్రం చూసి, రాసి తీసుకురండి."

మాత్ర రోజూ వేసుకున్నాను. ఆవకాయ తగ్గించాను, ఎండుచేప మానేశాను. ఉప్పాడలో ఎండుచేప మానడమంటే మాటలు కాదు! అయినా అంకె దిగదే. వారం తర్వాత పిన్నిగారు చూడటానికి వచ్చారు. నేను పొయ్యి కట్టేసి, పరుగున వచ్చి, ఆవిడతో మాట్లాడుతూనే పట్టీ చుట్టుకుని మీట నొక్కాను.

"అదేం కూర్చోవడమే? మగ్గం మీద కూర్చున్నట్టు కూర్చో."

వీపు గోడకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చేతిని బల్ల మీద గుండె ఎత్తున ఉంచారు. అయిదు నిమిషాలు నోరు మెదపనివ్వలేదు. నా హడావుడి పెంచిన అంకె అక్కడే దిగిపోయింది. నిజంగా ఉన్న బీపీని ఆ తర్వాత మూడు వారాల్లో మాత్ర దారికి తెచ్చింది.

నెల తిరిగేసరికి డాక్టరమ్మ నా పుస్తకం చూసి, మిగతా పరీక్షలన్నీ చేయించి, హార్మోన్ మందుకి సరేనన్నారు. బీపీ ఉన్నదాన్ని కాబట్టి నోటిమాత్ర బదులు చర్మానికి రాసుకునే జెల్ ఇచ్చారు, గర్భసంచికి రక్షణగా ఇంకో మాత్ర రాశారు. బీపీ మందు మాత్రం ఆపకూడదన్నారు. బస్సు దిగి మగ్గం దాకా పరుగే పరుగు.

"పిన్నిగారండి, ఇచ్చారండి!"

ఆవిడ తలెత్తలేదు. "ముందు కూర్చో."

ఆ అయిదు నిమిషాలు నేనెలా ఓపిక పట్టానో నాకే తెలియదు. తర్వాత అంతా చెప్పాను. పిన్నిగారు కొంగుతో కళ్లొత్తుకుని, "అయితే నాకు పోయిన ఆరేళ్లు నీకు పోవన్నమాట" అన్నారు. కొన్ని వారాలకి ఆవిర్లు తగ్గాయి. మళ్లీ నిద్ర పట్టింది, మళ్లీ లెక్క కుదిరింది.

పిన్నిగారు పోయి ఏడాది దాటింది. ఇవాళ కాకినాడలో మళ్లీ అన్నీ చూసి, బీపీ అదుపులో ఉంది, మందు కొనసాగించవచ్చు అన్నారు. వస్తూనే కొత్త పెళ్లిచీర పడుగు ముందు కూర్చున్నాను. తెల్లపట్టు, అంచు నిండా హంసలు. ఎప్పుడు మొదలెడదామా అని చేతులు ఉరకలేస్తున్నాయి. ఇప్పుడు నేనే కుడివైపు. ఎడమవైపు కొత్తగా చేరిన పిల్ల అప్పుడే దారం అందుకోబోయింది. ఆమె చేయి పట్టుకుని ఆపాను.

"ఏంటండి, ఏమైంది?"

"ఏం లేదే. కాసేపు కూర్చో."

లోపల ఏదో సణుక్కుంది. నాకు నవ్వొచ్చింది. ఇద్దరం బట్ట మీద చేతులు పెట్టి కూర్చున్నాం.