ఒకే పేరుతో రెండు ఫైళ్లు

ఇవాళ ఆఫీసులో, ఫైళ్లన్నీ కలిపి ప్రోగ్రాంగా చేసే మా ప్రాజెక్టు బిల్డ్ ఆగిపోయింది. నేనూ, పక్క సీటు సునీతా చెరో ఫైల్‌కి ఒకే పేరు పెట్టాం.

“నీదే మార్చు, అన్నా,” అంది.

“ముందుగాల పెట్టింది నేను. నువ్వే మార్చు,” అన్నాను.

అంతలో నన్ను కన్న బాపు గుర్తొచ్చాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో “గంగారాం!” అని పిలిస్తే ముగ్గురు గంగారాంలు ఒకేసారి చెరుకు బండ్లు తోలేవారు. చెరుకు తూకం వేసే కాంటా దగ్గర ఎడ్లు ఇరుక్కుపోయేవి. చివరికి ఊరి పేరు కలిపి పిలవడం మొదలుపెట్టారు. మా బాపు కోటగిరి గంగారాం.

నా ఫైల్ పేరు ముందు కోటగిరి, ఆమె దానికి వాళ్ల ఊరు భీమ్‌గల్ తగిలించాం. బిల్డ్ నడిచింది. ఆ ఫ్యాక్టరీ మూతబడింది, బాపూ లేడు. తెర మీద కోటగిరి కనపడగానే ఆయన బండి కదిలినట్టే అనిపించింది.

రేపు మా మేనేజర్ “కోటగిరి అంటే ఏంది?” అని అడిగితే ఏం చెప్పమంటారు?