అమ్మ తెలుగులో అన్న మాట

నా చిన్నప్పుడు మేము అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. సైకిల్ మీంచి పడి నా దవడ చీరుకుపోయింది. కుట్లు మానాక అక్కడ ఎర్రగా, ఉబ్బెత్తుగా ఒక మచ్చ మిగిలింది. బడిలో ఎవరైనా దాని గురించి అడిగితే ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. అసలు కనబడటమే లేదని అమ్మ ఇంగ్లీషులో ఓదార్చేది. అమ్మ చెప్పింది కదా అని నమ్మేదాన్ని.

కొన్నేళ్ళకి ఒక శనివారం, డాక్టరాంటీ వాళ్ళమ్మాయితో ఆడుకుందువుగాని రమ్మని అమ్మ నన్ను కారెక్కించింది. ఆ ఆంటీ మా తెలుగు చర్చికి వచ్చే చర్మవైద్యురాలు. కారు మాత్రం వాళ్ళింటికి కాక, ఆవిడ క్లినిక్‌కి వెళ్ళింది. ఆడుకోవడానికి తెచ్చుకున్న బొమ్మను పట్టుకునే పరీక్షబల్ల మీద కూర్చున్నాను.

అక్కడ అమ్మ తెలుగులోకి మారింది. నాతో ఎప్పుడూ ఇంగ్లీషే గనక నాకు తెలుగు తెలియదని ఆమె ధీమా. మాట్లాడటం సరిగా రాదు గాని, ఇంట్లో పెద్దవాళ్ళు అనుకునేదంతా నాకు అర్థమయ్యేది.

"ఎవరు చూసినా ముందు ఆ మచ్చే కనబడుతోందండీ. నాకే చూడబుద్ధి కావట్లేదు. ఎలాగోలా తీసేయండి" అంది.

పాత మచ్చను పూర్తిగా చెరిపేయలేమని డాక్టరాంటీ చెప్పింది. మచ్చలోకి కొన్ని విడతలు ఇంజెక్షన్లిస్తే ఉబ్బు తగ్గవచ్చు, సిలికాన్ పట్టీ అంటిస్తే మెత్తబడవచ్చు అంది. నా చెవుల్లో మాత్రం అమ్మ మాటే మోగుతోంది. ఆంటీ నా కళ్ళు చూసి ఆగింది. స్టూల్ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, సూది నొప్పి పెడుతుందన్న సంగతితో సహా అంతా నాకే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది.

"నీకేం కావాలమ్మా? ఇవాళే చెప్పక్కర్లేదు."

నాకు ఇప్పుడేమీ వద్దన్నాను. తర్వాత అమ్మ వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో అన్నాను. "నాకు తెలుగు అర్థం అవుతుంది, అమ్మా. అన్నీ అర్థం అయింది."

అమ్మ ముఖం పాలిపోయింది. నన్నెవరైనా వెక్కిరిస్తారన్న భయంతో తను అలా అందని ఇంటికెళ్ళే దారంతా చెబుతూనే ఉంది. అది నిజమే అయివుండాలి.

కాలేజీలో ఉండగా నేనే ఆంటీ దగ్గరికెళ్ళి ఇంజెక్షన్లు చేయించుకున్నాను. మచ్చ అణిగింది, రంగు తగ్గింది, పోలేదు. ఆ సంగతి అమ్మకి అంతా అయ్యాకే చెప్పాను.

పిల్లల ఒంటి గురించి పిల్లల్నే అడగాలన్నది ఆంటీ దగ్గర నేర్చుకున్నాను. నా మనవల దగ్గరా అదే పాటిస్తున్నాను. అమ్మ దగ్గర నేర్చుకున్నది మాత్రం వదిలించుకోలేకపోయాను. ఎవరైనా నాతో బాగున్నావంటే, పక్కకెళ్ళి ఏమంటారోనని ఇప్పటికీ చెవి అటే ఉంటుంది.