వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లు

నేను గణాంక శాఖలో పంటల దిగుబడి లెక్కలు కట్టి పదవీ విరమణ పొందినవాణ్ణి. పొలంలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరాన్ని తాడుతో గుర్తించి, అందులోని వరిని కోయించి, నూర్పించి, తూచి, ఆ తూకం ఆధారంగా దిగుబడిని అంచనా వేయడం నా వృత్తి. ఈసారి పంట బాగుందని ఎవరైనా చెబితే ఎన్ని కిలోలో చెప్పమనేవాణ్ణి. ఇంట్లోనూ అంతే. జ్వరమంటే థర్మామీటరు చూసేదాకా నమ్మేవాణ్ణి కాను. అందువల్ల నాలో చేరిన భయాన్ని భయమని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

యాసంగి కోతలు సాగుతున్న రోజులవి. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఒక ఊళ్లో బంధువుల ఇంట దశదినకర్మకు వెళ్లి, సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఊరి బయట బస్సు కోసం నిలబడ్డాను. అక్కడ తారు రోడ్డు వెడల్పు అయిదున్నర మీటర్లకు మించదు. అందులో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా ప్రాంతంలో అది వింత కాదు. సొంత కల్లం లేని రైతు కోసిన ధాన్యాన్ని రోడ్డు మీదనే ఆరబెట్టుకుంటాడు. బండ్లు గింజల మీదికి ఎక్కకుండా అంచు పొడవునా కొబ్బరికాయంత రాళ్లు పేరుస్తాడు.

నలభై ఏళ్లుండవచ్చు, ఒక మనిషి మోటారు సైకిలు మీద పడమటి వైపు పోతున్నాడు. వాలిన ఎండ సూటిగా అతని కళ్లలో పడుతున్నది. ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. తప్పుకోవడానికి అతనికి మిగిలింది వడ్ల పక్కనున్న జాగా మాత్రమే. ముందు చక్రం రాయిని తాకిన చప్పుడు నాకు వినిపించింది. పెద్ద చప్పుడేమీ కాదు. తలుపు గడియ పడినట్లుగా వినిపించింది. అంబులెన్సు వచ్చేసరికి అతని ప్రాణం పోయింది.

పోలీసులకు నేను రోడ్డు వెడల్పు చెప్పాను. రాళ్ల ఎత్తు చెప్పాను. లారీ ఎంత దూరంలో ఉండగా మోటారు సైకిలు వంగిందో చెప్పాను. ఇంత వివరంగా చెప్పే సాక్షి దొరకడని వాళ్లలో ఒకరు అన్నారు. నాకు కొంత గర్వం కూడా కలిగింది. తరువాత బస్సెక్కి మహబూబాబాద్‌లోని మా ఇంటికి చేరుకున్నాను.

ఆ గడియ చప్పుడు నాతోపాటు ఇంటికి వచ్చింది. గిన్నె మీద మూత పడితే నా భుజాలు ఎగిరిపడేవి. పక్కింటివారు స్కూటరుకు స్టాండు వేస్తే గోడ పట్టుకునేవాణ్ణి. స్టేషను దగ్గరి కూరగాయల మార్కెట్టుకు వెళ్లాలంటే ఒక రోడ్డు దాటాలి. ఎన్నో ఏళ్లుగా దాటిన రోడ్డే. ఒకనాడు అంచున నిలబడి, ఆటోలన్నీ పోయాక కూడా అడుగు వేయలేక, ఖాళీ సంచితో తిరిగి వచ్చాను. దుకాణం మూసి ఉన్నదని భార్యతో చెప్పాను.

"మార్కెట్ల దుకాన్లన్నీ ఒక్కపారే మూసిండ్రా?" అన్నది ఆమె. "నువ్వు జడుసుకున్నవు. దర్గా కాడ ఊదిపిచ్చుకొని అంత్రం కట్టిచ్చుకో, పోతది."

"బీపీ సక్కగున్నది. నూట ముప్పై, ఎనభై. జడుసుకున్నోనికి గట్లుంటదా?"

"మిషినుకేం ఎరుక? రాత్రి నిద్రల చేతులు అడ్డం పెట్టుకునేది నువ్వు, మిషిను కాదు."

ఆ తాయెత్తు కట్టించుకోలేదు గానీ దవాఖానకు వెళ్లాను. అక్కడి మానసిక వైద్యురాలు ఓపికగా విన్నది. నేను పోలీసులకు చెప్పినదంతా మళ్లీ చెప్పాను. "అప్పుడు మీకేమనిపించింది?" అని ఆమె అడిగింది. నేను లారీ వేగం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నిద్రకు మాత్రలు రాసి, కలం కింద పెట్టి, చూసినదాన్ని నమ్మకమైనవాళ్లు ఒక్కరికైనా చెప్పమని, మళ్లీ రమ్మని పంపించింది. చెప్పవలసినదేమిటో నాకు తెలుసు. దాన్ని భార్యకు కూడా చెప్పలేదు.

అంతలో మా చెల్లెలు ఫోను చేసింది. ఆమెది భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలోని ఊరు. భర్త పోయిన తరువాత రెండెకరాలు ఒక్కతే చేసుకుంటున్నది. "అన్నా, తేమ ఎక్కువున్నదని సెంటర్ల కాంటా పెట్టలేదు. జర వచ్చి చూడవా? నువ్వైతే వాళ్లతోని మాట్లాడ్తవు" అన్నది. వడ్లలో తేమ పదిహేడు శాతానికి మించితే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు. వానకు తడిస్తే గింజ మొలకెత్తుతుంది, ఇక దాన్ని ఎవరూ కొనరు. ఆమె ఏడాది బతుకు ఆ రాశిలోనే ఉన్నది. వెళ్లక తప్పదు.

హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటిన తరువాత కళ్లు మూసుకున్నాను. ఎదురుగా బొగ్గు టిప్పర్లు వచ్చినప్పుడల్లా గాలి వచ్చి బస్సును కొట్టేది. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పుడు అరచేతుల్లో దాని గుర్తు పడి ఉన్నది.

ఊరి బయట ఆటో దిగి చూశాను. సగం రోడ్డు మీద వడ్లున్నాయి. అంచు పొడవునా రాళ్లున్నాయి. మా చెల్లెలు తలకు ఎర్ర తువ్వాల చుట్టుకుని, పాదాలతో గింజలను తిరగదోస్తున్నది.

"ఏందన్నా, గాడనే నిలవడ్డవ్? రా."

"రాళ్లు తియ్యి చెల్లె."

"ఏ రాళ్లు?"

"గివే. వడ్లకు వెట్టినవి."

ఆమె నవ్వింది. "రాళ్లు తీస్తె బండ్లోళ్లు ఊకుంటరా? నా వడ్లను ఈడనే దంచి బియ్యం జేసి పోతరు."

"ఎవలన్న తాకి పడ్తరే."

"ఊరంత గిట్లనే పెట్టిండ్రు. నీ కండ్లకు నా రాళ్లే కనవడ్డయా?"

"చెల్క భూమిల పొయ్యరాదు?"

"చెల్క మొన్నటి వానకు ఇంక పచ్చిగనే ఉన్నది. సెంటర్ల జాగ లేదు. గటు మబ్బు జూడు. పొద్దుగూకేదాంక ఎండ గొడ్తె తేమ దిగుతది, లేకుంటె మొలకలే. మాటలు జెప్పుడేనా, వచ్చి ఓ చెయ్యి ఏసుడున్నదా?"

రాళ్లు నేనే తీద్దామనుకున్నాను. మొదటి రాయి తారు అంచుకు జానెడు లోపల ఉన్నది. దాని కోసం వంగాను. ఎక్కడో వెనుక ట్రాక్టరు చప్పుడైంది. అది ఇంకా చాలా దూరంలో ఉన్నదని నాకు స్పష్టంగా తెలుసు. అయినా నా ఒళ్లు నా మాట వినలేదు. వెనక్కి అడుగులు వేసి రోడ్డు పక్కన నీళ్లు లేని కాలువలో కూలబడ్డాను. ఊపిరి అందలేదు. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుని సీసాలో నీళ్లిచ్చింది. మూత నేను తీయలేకపోతే తానే తీసింది.

"ఏమైందే అన్నా? వదిన జెప్పింది, ఏదో యాక్సిడెంటు జూసినవని. నేను అంతగనం పట్టిచ్చుకోలే."

అప్పుడు చెప్పాను.

"పడ్డాయన చెయ్యి లేపిండు చెల్లె. చెంపకు వడ్లు అంటుకున్నయి. తుడుసుకుందామని లేపిండు. నేను గింత దూరంల ఉన్న. పోయి తుడువలే. ఏం జెయ్యాల్నో తెలువక నిలవడ్డ. చెయ్యి మల్ల కిందికి పోయింది."

ట్రాక్టరు వచ్చి, మా ముందునుంచి పోయింది.

"వడ్లెవలియి?" అని అడిగింది.

"ఒకామెయి. నీ ఈడుదే. వడ్ల మీదనే కూసున్నది. ఆమెతోని ఎవలు మాట్లాడలే."

చెల్లెలు లేచింది. ఒక్కొక్క రాయినీ కాలితో దొర్లించి కాలువలోకి నెట్టింది. నడుము పట్టుకుంటూ చివరిదాకా వెళ్లి, మళ్లీ నా దగ్గరికి వచ్చి, తల మీది తువ్వాలను విప్పి నాకిచ్చింది.

"తీసిన. ఇగ బండ్లోళ్లకు ఎవలు జెప్పాలె? గా కొసకు నేను నిలవడ్త, గీ కొసకు నువ్వు."

"నాతోని కాదే."

"నాతోని ఒక్కదానితోని అయితదా రెండు దిక్కుల?"

తారు మీద కాలు పెట్టాను. చెప్పుల్లోంచి వేడి తగిలింది. వచ్చే ప్రతి బండికీ తువ్వాల ఊపాను. మొదటి టిప్పరు నెమ్మదించి, హారన్ మోగించి పక్కనుంచి పోయింది. దాని వెనుక ధూళిలో నేను కొన్ని క్షణాలు కళ్లు తెరవలేదు. రెండు ఆటోలు వడ్ల మీది నుంచే వెళ్లాయి. చెల్లెలు తిట్టింది, చెదిరిన గింజలను లోపలికి తోసుకుంది, మళ్లీ తన కొసకు వెళ్లింది.

ఎండ వాలిన తరువాత ఒక యువకుడు మోటారు సైకిలు మీద ఫోను మాట్లాడుతూ వేగంగా వచ్చాడు. నేను తువ్వాల ఊపాను. చూడలేదు. అరిచాను. ఆఖరి నిమిషంలో చూసి హ్యాండిలు తిప్పాడు. బండి వడ్లలోకి దూరి, జారి, పక్కకు వాలింది. అతను ఒక కాలు ఆనించి నిలదొక్కుకున్నాడు. రెండు చేతులూ హ్యాండిలు మీదనే ఉన్నాయి. నేను ఆ చేతులనే చూస్తున్నాను.

"ఏంది తాతా, రోడ్డు మీ బాపు ఏసిండా?" అన్నాడు.

"మా బాపు ఎయ్యలే, నీ బాపు ఎయ్యలే. ఫోను జేబుల పెట్టుకొని మెల్లగ పో బిడ్డా" అని చెల్లెలు అటునుంచి కేక వేసింది.

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. చక్రం గీసిన చాలు వడ్లను చీల్చి రోడ్డుదాకా పోయింది. ఆ చాలు రాళ్ల వరుస ఉన్న చోటును దాటిపోయిందని గమనించాను. కూర్చుందామనుకున్నాను. మరో బండి వస్తున్నది. కూర్చోలేదు.

వాన పడలేదు. పొద్దుగూకే ముందు వడ్లను కుప్పచేసి పట్టా కప్పి, ఒక దోసెడు సంచిలో వేసుకుని కేంద్రానికి వెళ్లాము. అక్కడి మనిషి గింజలను యంత్రంలో పోశాడు. పదిహేడు పాయింట్ ఎనిమిది వచ్చింది. నేను మళ్లీ పోయమన్నాను. మళ్లీ అంతే వచ్చింది. ఇంకొక్క ఎండ కావాలన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలు రాళ్ల మాట ఎత్తలేదు. "రేపు గూడ నిలవడ్తవా అన్నా?" అని మాత్రం అడిగింది. నిలబడగలనని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రోడ్డు మీదికి ఎండ ఎప్పుడొస్తుందని అడిగాను.

"తొమ్మిదింటికి."

"అయితె తొమ్మిదింటికి నన్ను చెయ్యి వట్టి తీస్కపో. ఒక్కన్ని తారు మీదికి దిగలేను" అన్నాను.

"సరె" అని ఆమె సంచిలోని గింజలను తడుముతూ నడిచింది.