మా ఆయన గొంతుకు చార్జింగ్

లేవగానే నా చెయ్యి ముందు వంటగది గట్టు మీదికి పోతుంది. మిక్సీ పక్కన ప్లగ్గులో మా ఆయన ట్యాబ్ ఉంటుంది. చార్జింగ్ నిండి ఉంటే స్తోత్రం చెప్పుకుని టీ పెడతాను. వైరు గుచ్చి స్విచ్ వేయడం మరిచిపోయిన రోజు మాత్రం ఆయనకు పూట గడిచేదాకా మాట లేదు. అలా మరిచిపోయేది ఎక్కువగా నేనే. సాయంత్రానికి నాలో మిగిలేది అంతంత మాత్రం.

ఆయన ఆఫీసు బస్సు నడిపేవారు. చందానగర్ నుంచి గచ్చిబౌలి దాకా ఉద్యోగస్తుల్ని ఎక్కించుకుని, దించి, సాయంత్రం మళ్లీ తెచ్చేవారు. పెద్ద గొంతు. బస్సు ఇంకా మలుపులో ఉండగానే ఆయన కేకలు మా మూడో అంతస్తుకు వినపడేవి. ఆ గొంతులోనే పుండు లేచింది. అది మంచిది కాదని తేలాక దవాఖానలో స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ ముందు చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అక్కడి నుంచే. దాని మీద నేను కుట్టిన మెత్తటి గుడ్డ కట్టుకుంటారు. ప్రాణం దక్కింది. అందుకు నేను రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను, అలసిపోయిన రోజు కూడా.

గొంతుతో పాటు ఇంట్లో ప్రార్థన కూడా పోయింది. అది నాకు మింగుడు పడలేదు. డ్యూటీకి వెళ్లే ముందు ఆయన, నేను, మా అమ్మాయి ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్లం, నడిపేది ఆయనే. బస్సు బ్రేకుల కోసం, ఎక్కేవాళ్ల కోసం, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకుల వాళ్ల కోసం, మా కింది ఇంటివాళ్ల పసిబిడ్డ కోసం, గుక్క తిప్పుకోకుండా అడిగేవారు. పరీక్షకు వెళ్లినా, ఊరికి వెళ్లినా, కొత్త పనిలో చేరినా ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన తర్వాతే మా ఇంట్లో ఎవరైనా గడప దాటేది.

నువ్వు చేయొచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే దుమ్ముకు ఆయాసం వచ్చేది. మాది గుంటూరు వైపు. మా నాన్నే ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, ఎక్కాలు చెప్పాడు, బైబిల్ వాక్యం చదివించాడు. నాకున్న చదువంతా ఆ అరుగు మీదిదే. ఇంట్లో ప్రార్థన నడిపేది ఇంటాయన, ఆడవాళ్లు ఆమెన్ చెప్పాలి అనేది కూడా అక్కడే నేర్చుకున్నాను. పైకి నోరు తెరిచి ప్రార్థన చేయడం నాకు అలవాటు కాలేదు. నాది లోపలి ప్రార్థన. పనికి వెళ్లే రైల్లో కడ్డీ పట్టుకుని నిలబడి చేసుకుంటాను.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు చాప వేశాను. ముగ్గురం కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లం. ఫ్యాను చప్పుడు వినపడేది. ఆయన పెదాలు కదిపి, ఆగి, లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. తర్వాత కూర్చోవడమే మానేశారు. చాప చుట్టి బీరువా వెనక పెట్టాను.

మెడకు ఆనించి మాట్లాడే బజర్ ఒకటి ఇచ్చారు దవాఖానలో. దాంతో మాట్లాడితే తేనెటీగ పలికినట్టు ఉంటుంది. ఒకసారి లిఫ్టులో ఒక పాప అది విని వాళ్లమ్మ కొంగులో దూరింది. ఆ రోజు నుంచి బజర్ డబ్బాలోనే ఉంది. తర్వాత ఫోన్లో ఏదో యాప్ వేసుకున్నారు. మనం టైపు కొట్టింది అది పైకి చదువుతుంది. డాక్టరు ముందు కూర్చుని మెడ నొప్పి అని కొట్టి నొక్కితే, ముందు పేకాట ప్రకటన పెద్ద గొంతుతో మోగింది. డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. ఈయన దారి పొడవునా తలెత్తలేదు.

అప్పుడు మా అమ్మాయి పట్టించుకుంది. అది సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేది. కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటే దాని ఉద్యోగం పోయింది. ఇంట్లో కూర్చుని ఇంటర్వ్యూల కోసం చదువుకుంటూ, తన పాత ట్యాబ్‌లో మాట్లాడించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించింది. నెట్ అక్కర్లేదు, ప్రకటనలు లేవు. కట్టవలసిందీ ఏమీ లేదు. ఓపెన్ సోర్స్ అంటారట.

మొదటి రోజు ఆయన ఫోన్లో మెసేజీలు కొట్టే అలవాటుతో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. ట్యాబ్ దాన్ని ఇంగ్లీషు దొర చదివినట్టు చదివింది. ఆయన అడిగింది ఛాయ్ అని ముగ్గురికీ అర్థమయ్యేసరికి ఛాయ్ వేళ దాటిపోయింది. ఆ తర్వాత తెలుగు అక్షరాల పలక పెట్టాం. ఒత్తులు ఎక్కడున్నాయో, గుణింతాలు ఎలా కలపాలో పక్కన కూర్చుని చూపించాను. అరుగు మీద మా నాన్న చూపించినట్టే.

అక్షరాలు కుదిరాక ఆయన నిదానంగా కొట్టి నొక్కిన మొదటి పెద్ద మాట ఇది.

"ఏంది బిడ్డా, ఫ్రీ అంటే ఏదో కథ ఉంటది. గాళ్లకేం వస్తది?"

"ఏం రాదు డాడీ," అంది అమ్మాయి. "రాసినోళ్లు అందరికీ ఇచ్చేసిన్రు. లోపల ఎట్ల రాసిన్రో కూడా తెరిచే పెట్టిన్రు. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దొచ్చు."

తప్పులు ఉండనే ఉన్నాయి. తెలుగు మధ్యలో అంకెలు వస్తే అది ఇంగ్లీషులో చదివేది. అమ్మాయి ఆ సంగతి వాళ్ల పేజీలో రాసింది. ఏ దేశంలోనో ఎవరో జవాబిచ్చారు. అతనికి తెలుగు రాదట, అంకెల పేర్లన్నీ పంపమన్నాడు. నేను చదువుతుంటే అమ్మాయి కొట్టింది. కొన్ని వారాలకు దిద్దిన కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ట్యాబ్ మా ఇంటి నంబరును శుభ్రంగా తెలుగులో చదివింది. మా ఆయన దాన్ని మళ్లీ మళ్లీ చదివించుకుని, తర్వాత కొట్టారు.

"తెలుగు రానోడు నా తెలుగు బాగు చేసిండు."

పేరు తెలియని ఆ మనిషి తన ఆఫీసు పని అయ్యాక, బహుశా నాలాగే కాళ్లు లాగుతుంటే, కూర్చుని దిద్ది ఉంటాడు. రైల్లో అతని కోసం కూడా ప్రార్థన చేస్తాను. పేరు లేకపోయినా పైన తెలుస్తుంది కదా.

ట్యాబ్‌కు తాడు కట్టి మెడలో వేసుకుని ఆయన చందానగర్ మార్కెట్టుకు వెళ్లడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం నేనూ వెళ్లాను. కూరగాయలామె ఆయన్ని చూడగానే, "ఏం సార్, ఇయ్యాల గూడ రేడియో తెచ్చినవా?" అంది.

ఈయన తల వంచుకుని కొడుతూ ఉన్నారు. ఈలోగా ఆమె ఇంకో ఇద్దరికి తూచి పంపింది. చివరికి ట్యాబ్ వార్తలు చదివే గొంతుతో అంది.

"బెండకాయలు ముదిరినయి."

"ఓయమ్మో! నీ రేడియోకు కండ్లు గూడ ఉన్నయా?" అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లేతవి అడుగు నుంచి తీసి ఇచ్చింది.

మాట వచ్చింది కదా, ఇక ప్రార్థన కూడా వస్తుందనుకున్నాను. రాలేదు. అడిగితే ట్యాబ్ తిప్పి బోర్లా పెట్టేసేవారు. నేనూ గట్టిగా అడగలేకపోయాను. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో పిల్లల్ని చూసుకునే గదిలో నా ఉద్యోగం. తల్లులు పైన పని చేస్తుంటే కింద వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని, దించి, తినిపించి, నిద్రపుచ్చుతాను. మంచి పిల్లలు, మంచి తల్లులు. కానీ సాయంత్రం హఫీజ్‌పేట్ స్టేషన్ మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు వద్దంటాయి. ఇంటికి వచ్చి వాదించే ఓపిక ఉండదు.

మా అమ్మాయికి కొత్త ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇన్ని నెలలు ఎదురుచూసిన ఉద్యోగం. ఆదివారం చర్చిలో ఆరాధన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, ఇక ఊరుకోదలచుకోలేదు.

"ఏమండీ, రేపు అమ్మాయికి ప్రార్థన చేయాలి మీరు."

ఆయన నావైపు చూసి, చాలాసేపు కొట్టారు.

"కండ్లు తెరుసుకొని ప్రార్థన ఎట్ల చేస్తరు? కండ్లు మూసుకుంటే ఇది ఎట్ల కొట్టాలె?"

అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఇన్నాళ్లు ఎక్కడ ఆగిపోయారో. దేవుని ముందు కళ్లు తెరుచుకుని, ఒత్తులు వెతుక్కుంటూ కూర్చోవడం ఆయనకు తప్పుగా తోచింది. నేనైనా అంతే అనుకునేదాన్నేమో.

"ఇప్పుడే కొట్టి దాచిపెట్టు డాడీ," అంది అమ్మాయి. "పొద్దున ఒక్క బటన్ నొక్కితే అదే చదువుతది."

"రాసుకొచ్చి చదివేది ప్రార్థన గాదు. ఉపన్యాసం."

ఇదీ మా సంఘం పద్ధతే. ప్రార్థన అప్పటికప్పుడు లోపలి నుంచి రావాలి. ఒకసారి బయటి నుంచి వచ్చిన పెద్దాయన కాగితం చూసి ప్రార్థన చేస్తే, భోజనాల దగ్గర అందరూ ఆ కాగితం గురించే మాట్లాడుకున్నారు. అందులో మా ఆయన గొంతే పెద్దది.

"అయితే దాన్ని ఊరికే పంపుతారా?" అన్నాను. నా గొంతు కొంచెం లేచింది.

"నువ్వు చెయ్యి."

"నేనా?"

"ఏం, మీ నాయిన పైనుంచి చూస్తడని భయమా?"

ఆ ట్యాబ్ కోపంతో చెప్పినా, ఎగతాళిగా చెప్పినా ఒకే తీరుగా చెబుతుంది. ఆయన ముఖం చూసి తెలుసుకోవాలి. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నేను గిన్నెలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లిపోయాను. కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో గొంతు విప్పి చూశాను. తండ్రీ అన్నాక తర్వాతి మాట రాలేదు.

సోమవారం పొద్దున ఉప్మా చేశాను. రెండు బాక్సులు సర్దాను, ఒకటి దానికి, ఒకటి నాకు. ట్యాబ్ నిండుగా చార్జింగ్ అయి ఉంది. ఆయన దాన్ని తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. అమ్మాయి కొత్త బూట్లు వేసుకోబోయి, ఆగి, ఉత్త కాళ్లతో వచ్చి ఆయన ముందు మోకరించి తల వంచింది. ఎవరూ చెప్పలేదు. బడికి పోయే రోజుల నుంచీ ఉన్న అలవాటు.

ఆయన కదల్లేదు. ఇక లేచి వెళ్లిపోతారనుకున్నాను. బీరువా వెనకున్న చాప గుర్తొచ్చింది. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి అమ్మాయి తల మీద పెట్టారు. కుడి చెయ్యి బల్ల మీది ట్యాబ్ మీద పెట్టారు. కళ్లు మూసుకున్నారు.

నేనూ మూసుకున్నాను గానీ ఉండలేక తెరిచి చూశాను. ఆయన వేలు అద్దం మీద తడుముకుంటూ పోతోంది. ఒకచోట ఆగుతోంది, వెనక్కి వస్తోంది, మళ్లీ పోతోంది. కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం పాత వేగంతోనే కదులుతున్నాయి. వేలు ఆ పెదాలను అందుకోలేకపోతోంది. ఉప్మా చల్లారిపోయింది. చదివించే బటన్ మూలన ఉంటుంది, దాన్ని కూడా తడిమే పట్టుకుని నొక్కారు.

ట్యాబ్ చదవడం మొదలుపెట్టింది. ఏ భాషా కాదు. అక్షరాలు, వాటి మీద పడకూడని ఒత్తులు, మధ్యలో ఒక అంకె, ఎక్కడో తండ్రి, ఎక్కడో బిడ్డ, మళ్లీ ఏమీ అర్థం కాని గొణుగుడు. దాన్నంతా అది పొద్దుటి వార్తలంత శ్రద్ధగా, ఒక్క అక్షరం వదలకుండా చదివింది. అమ్మాయి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. చదవడం ఆగింది. ఆయన కళ్లు తెరిచి, చూసి, సరిగ్గా కొట్టారు.

"ఆమెన్."

"ఆమెన్," అన్నాం ఇద్దరం.

అమ్మాయి తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, కానీ నవ్వుతోంది. "డాడీ, అన్యభాషల్లో ప్రార్థన ఎప్పుడు నేర్చుకున్నవ్?"

మా సంఘంలో ఆత్మ వచ్చి అన్యభాషల్లో, అంటే ఎవరికీ అర్థం కాని మాటల్లో, ప్రార్థన చేసే పెద్దమ్మ ఒకామె ఉంది. ఆమె మొదలుపెడితే ఈయన మోచేత్తో నన్ను పొడిచేవారు. అది గుర్తొచ్చిందేమో, ఆయనకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వుకు ఇప్పుడు చప్పుడు లేదు. మెడ మీది గుడ్డ మాత్రం టపటపా ఎగిరింది. మెడ తుడుచుకుని, కొట్టారు.

"తప్పులు పైనున్నాయనే దిద్దుకుంటడు తీ. బస్సు పోతది, పో."

అది బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని, మెట్లు దిగింది. నేను బాక్సు సంచిలో పెట్టుకుని చెప్పుల కోసం వంగబోతే, ఆయన చెయ్యి ఊపారు. రమ్మని.

"నాకు రైలు టైమైందండీ," అన్నాను.

చెయ్యి దించలేదు. మోకరించే ఓపిక లేక, ఫ్రిజ్ పిడి పట్టుకుని నిలబడే తల వంచాను. ఆయన లేచి వచ్చి తల మీద చెయ్యి పెట్టారు. బరువుగా, వెచ్చగా ఉంది. కళ్లు మూసుకోగానే నిద్ర ముంచుకొచ్చింది, నిలబడే తూగాను. కాసేపటికి పక్కన ట్యాబ్ మొదలుపెట్టింది. అదే గొణుగుడు. అందులో ఒక్క మాట మాత్రం చెడిపోకుండా వచ్చింది, మోకాళ్లు.

ఆమెన్ అన్నాను. స్టేషన్‌కు చేరేసరికి నా రైలు వెళ్లిపోయింది. తర్వాతిది కిక్కిరిసి ఉంది గానీ, తలుపు పక్కన ఆనుకుని నిలబడటానికి చోటు దొరికింది. స్తోత్రం.