అత్త పరిచిన ఏటి పటం

మా మేనత్త పోయిందని మొన్న తెల్లవారుతూనే వేలూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందంట. నాకు నమ్మబుద్ధి కాలేదు. నిద్రలో కూడా కాళ్ళు ఊరకుండని మనిషి ఆమె. ఇది రాస్తా ఉంటే నాకూ కుదురు లేదు.

ఆమె బళ్ళో భూగోళం చెప్పి రిటైరైంది. తెల్లదొరల కాలంలో ఊరూరూ కొలిచి గీసిన పాత పటాల నకళ్ళు యాడున్నా సంపాదించేది. వాటిని చుట్టి చంకన పెట్టుకొని, విరించిపురం నుంచి తిరువలం దాకా పాలారు ఒడ్డంతా తిరిగేది. పటంలో నీళ్ళు పారిన చోట ఇప్పుడేముందో చూడాల ఆమెకు. అరటితోట ఉండేది, లారీ షెడ్డు ఉండేది, ఒకచోట కల్యాణమండపం. "ఎండ అత్తా, పోదాం" అంటే, "నువ్వు బస్సెక్కప్పా, నేను ఆ మలుపు చూసి వస్తా" అనేది.

మా నాయన గుడియాత్తంలో కౌండిన్య ఏటి పక్కన జాగా కొన్నప్పుడు, ఆ తావు పటం తెచ్చి ఇంటి కూడంలో నేలమీద పరిచింది. పటంలో ఏరు రెండుగా చీలి, ఒక పాయ సరిగ్గా మా జాగా మీదనే పోతా ఉండాది.

"ఈడ కట్టొద్దు నాయనా" అనింది తమ్ముడితో.

"నేను పుట్టినప్పట్నించి ఈడ చుక్క నీళ్ళు చూడలేదక్కా. ఎప్పటి కాగితమో తెచ్చి భయపెడతా ఉండావు."

కట్టినాడు. అత్త అలగలేదు. గృహప్రవేశానికి వచ్చి ఆడబిడ్డగా తనే పాలు పొంగించింది. కానీ ఆ పొద్దు నుంచి ఆమెకు నిలకడ పోయింది. ఏటికి ఎగువన పలమనేరు పక్క వాన పడిందని తెలిస్తే చాలు, బస్సెక్కి మా ఇంట్లో దిగేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. వాకిలికీ ఏటిగట్టుకూ నడుమ తిరగతానే ఉండేది. ఏండ్లు గడిచినా ఏరు ఇటు రాలేదు. నాయన నవ్వేవాడు, కొన్నిసార్లు విసుక్కునేవాడు.

ఒక కార్తీకంలో, అత్త మా ఇంట్లో ఉండంగానే, ఏరు వచ్చింది. నాయన ఇల్లు వదలనని మొండికేసినాడు. అత్త ఆయన రెక్క పట్టి లాగింది. "ఇల్లు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నువ్వు లెయ్." మేము మెట్టమీది బడికి చేరేసరికి నీళ్ళు మా కిటికీలు ముంచినాయి. ఈ పొద్దు మేమింతమందిమి ఉండామంటే ఆ చేతి పట్టు వల్లనే.

"నీ మాట వినుంటే..." అన్నాడు నాయన, తలెత్తకుండా.

అత్త కొంగుతో ఆయన తల తుడిచింది. "ఏటికి మనమీద పగేం లేదు నాయనా. మనమే దాని దారిలో పండుకోనుండాము."

"చెప్పినాను కదా" అని అత్త ఆ పొద్దే కాదు, ఎప్పుడూ అనలేదు.

నిన్న అస్థికలు కలపను పాలారుకు పోయినాము. ఏటి నిండా ఇసకే. నాయన మోకాళ్ళ మీద కూర్చొని చేతుల్తో చెలమ తవ్వినాడు. చాలాసేపటికి అడుగున నీళ్ళు ఊరినాయి. వదిలిన బూడిద ఆ గుంటలోనే సుడి తిరగతా నిలిచిపోయింది. నాయన వేళ్ళతో ఇసకలో, ఏరు పారే దిక్కున తూర్పుగా, చిన్న కాలవ గీస్తా, మోకాళ్ళ మీదనే ముందుకు పోయినాడు.