మేస్టారి రెండో చేతిరాత

మా డ్రాయింగు మేస్టారు పోయారని కబురొచ్చేసరికి మా షాపులో ఫ్లెక్సు మిషను ఎవరో డిజైను చేయించుకుని తెచ్చిన ఓణీల ఫంక్షను బ్యానరు కొడుతోంది. ఫోను చేసింది అమ్మగారు, అంటే మేస్టారి భార్య. "అమ్మాయ్, మీ మేస్టారు లేవట్లేదమ్మా," అన్నారు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మిషనులోంచి బ్యానరు వస్తూనే ఉంది. దాని మీద గులాబీ రంగులో పెద్ద పెద్ద అక్షరాలు. అవి మా మేస్టారి అక్షరాలు. ఆయన చేతి కింద పుట్టి, ఇంకొకడి పేరుతో తిరుగుతున్న అక్షరాలు.

ఇలాంటి నివాళి వ్యాసాల్లో పోయినవాళ్ళ మంచితనం రాసి ఊరుకుంటారు. నేను ఊరుకోను. మేస్టారికి జరిగింది నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. మా పాస్టరు గారికి ఈ మాట ముందే చెప్పేశాను. ఆయన తల పంకించి, "ప్రార్థన చేసుకోమ్మా," అన్నారు. చేసుకుంటున్నానండి, కానీ నేను అడిగేది ఆయన అనుకునేది కాదు.

మాది రామచంద్రపురానికి దగ్గర్లో చిన్న ఊరు. మేస్టారు మా హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. డ్రాయింగు పీరియడంటే బొమ్మలేయించడం కదా, ఆయన మాత్రం మాతో అక్షరాలు వేయించేవారు. "ముందు మనిషిని నిలబెట్టు, తర్వాత తలపాగా చుట్టు," అనేవారు, అక్షరం ఒళ్ళు కుదరకుండా తలకట్టు పెట్టేస్తే. "వత్తు కిందుందని చిన్నచూపు చూడకు. దానిక్కూడా చోటియ్యి, ఊపిరాడాలి," అనేవారు. ఆయన కొమ్ము ఎప్పుడూ కొంచెం లోపలికి వంగి ఉండేది, వాన పడుతుంటే గొడుగు దగ్గరికి లాక్కున్నట్టు. ఆ కొమ్ము చూస్తే చాలు, ఊళ్ళో ఎవరైనా చెప్పేవారు, ఇది మేస్టారి రాత అని.

కొత్త వస్తువంటే ఆయనకి చెప్పలేనంత సరదా. నేను ఫ్లెక్సు మిషను కొన్నప్పుడు సైన్‌బోర్డులు రాసేవాళ్ళందరూ నన్ను తిట్టుకుంటే, ఈయన మాత్రం కుర్చీ తెచ్చుకుని మిషను ముందు కూర్చున్నారు, పిల్లలు కోతిని చూసినట్టు. "ఏమ్మా, ఇది రంగుని చుక్కలు చుక్కలుగా ఉమ్ముతోందే," అని నవ్వారు. రిటైరయ్యాక పెన్నుతో గీసే టాబ్లెట్ కొనుక్కున్నారు. చర్చిలో అందరికంటే ముందు కానుక ఫోనులో వేసింది ఆయనే. టెక్నాలజీ పెద్దవాళ్ళకి పడదంటారే, ఆ మాట ఈయన దగ్గర అనకూడదు. ఈయన్ని మోసం చేసింది టెక్నాలజీ కాదండి, మనిషి.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డులు తీస్తాం. ఒక బుట్టలో కార్డులుంటాయి, ఒక్కో దాని మీద ఒక్కో బైబిలు వాక్యం. ఇంటికొకరు వెళ్ళి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఆ వాక్యమే ఆ ఇంటికి ఆ ఏడాది వాగ్దానం. దాన్ని బైబిల్లో పెట్టుకుంటారు, షోకేసులో పెట్టుకుంటారు, జబ్బుచేస్తే దిండు కింద పెట్టుకుంటారు. ఆ కార్డులన్నీ మేస్టారే రాసేవారు. చార్టు కత్తిరించి, పాళీతో, ఆకుపచ్చ సిరాతో. నవంబరు వచ్చిందంటే ఆయన వేళ్ళు పచ్చగా ఉండేవి. మా ఊళ్ళో అందరిళ్ళలోనూ, ఆఖరికి కార్డు తీయడం మానేసిన ఇళ్ళలోనూ, ఆయన రాత ఏదో మూల ఉండేది.

మాకంటే వెనక బ్యాచిలో ఒకడున్నాడు. పేరు రాయను, పేరు రాస్తే అదో పబ్లిసిటీ వాడికి. మేస్టారికి ఇష్టమైన శిష్యుడు, గీత బాగుండేది. హైదరాబాదులో డిజైను కంపెనీ పెట్టాడు. ఒక క్రిస్మసుకి వచ్చి, "మేస్టారండి, ఈ కార్డులన్నీ చెదలు పట్టిపోతాయండి. స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెడదామండి, ఎప్పటికీ ఉంటాయి," అన్నాడు. మేస్టారు పొంగిపోయారు. వాణ్ణి వెంటేసుకుని తనే ఇంటింటికీ తిరిగారు. "ఏవమ్మా, నీ పాత కార్డులుంటే ఓసారి ఇయ్యి, ఫొటో తీసి ఇచ్చేస్తాం," అని గుమ్మంలో నిలబడి అడిగారు. ఆయన అడిగితే ఎవరు కాదంటారు? బైబిళ్ళలోంచి, ఫొటో ఫ్రేముల వెనకనుంచి తీసి ఇచ్చారు. మా అమ్మ దిండు గలీబులోంచి తీసి ఇచ్చింది. దొంగని ఇంట్లోకి తీసుకొచ్చి మంచినీళ్ళిప్పించింది మేస్టారే, పాపం.

తర్వాతేడు ఒక యాప్ వచ్చింది. మీరు ఫోనులో ఏం టైపు చేసినా అందమైన తెలుగు చేతిరాతలో వస్తుంది. పెళ్ళి శుభలేఖలు, షాపు బోర్డులు, పుట్టినరోజు స్టేటస్‌లు, అన్నీ అందులోనే. నేనూ చూశాను, కొమ్ము లోపలికి వంగి ఉంది. కింద వాడి పేరు. ఎక్కడో బహుమతి కూడా ఇచ్చారు. స్టేజీ మీద మైకు పట్టుకుని, "ఇది నా చిన్ననాటి చేతిరాత," అన్నాడు.

మేస్టారు ఫోను చేశారు వాడికి, మా షాపులో కూర్చునే, స్పీకరు పెట్టి. వాడు ఎంత మర్యాదగా మాట్లాడాడో చెప్పలేను. "మేస్టారండి, ఫాంటంటే రాత కాదండి, సాఫ్ట్‌వేరండి. మేం చాలా వర్క్ చేశామండి. మీది ఇన్‌స్పిరేషనండి," అన్నాడు. మేస్టారు, "నా పేరు ఒక్క మూల వేస్తే చాలు నాన్నా," అన్నారు. దానికి వాడు ఏమన్నాడో తెలుసా? "ఆ వాక్యాలు దేవుడివి కదండీ, మీవి కావు కదా. మరి అక్షరాలు మాత్రం మీవెలా అవుతాయండి?" అన్నాడు. ఫోను కట్టేసింది నేనే.

"కేసేద్దాం మేస్టారండి," అన్నాను. "కోర్టులో ఏం చూపించనమ్మా? నా చెయ్యి చూపించనా?" అన్నారు.

ఆ జనవరికి చర్చి బుట్టలో అచ్చు కార్డులు వచ్చాయి. మెరిసే కాగితం, బంగారు రంగు అంచు, వాడు ఉచితంగా పంపించాడట. పాస్టరు గారు పుల్పిట్ మీదనుంచి వాడికి వందనాలు చెప్పి, "మేస్టారికి ఇక శ్రమ తప్పింది," అన్నారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ నవంబరంతా కూర్చుని రాసిన కార్డులు మేస్టారి సంచీలోనే ఉన్నాయి, నేను చూశాను. ఆయన వంతు వచ్చినప్పుడు వెళ్ళి, కళ్ళు మూసుకుని ఒకటి తీశారు. కళ్ళు తెరిచి చూసుకున్నారు. తన అక్షరాలే. దాన్ని మళ్ళీ బుట్టలో పెట్టేసి వచ్చి కూర్చున్నారు. ఆ ఏడాదంతా ఆ ఇంటికి వాగ్దానం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతోంది.

అయితే మీరు మేస్టార్ని పాపం మనిషి అనుకుంటే పొరపాటు. ఆయనకి నాకంటే ఎక్కువ కోపం. నాలుగు రోజులు బయటికి రాలేదు. తర్వాత స్కూలువాళ్ళు పారేసిన నల్లబల్ల ఒకటి రిక్షా మీద వేయించుకుని మా షాపుకొచ్చారు.

"వాడు పట్టుకుపోయింది నా పాత చేతిరాతే కదమ్మా," అన్నారు. "ఇంకోటి తెచ్చుకుంటాను."

ఆ వయసులో చేతిరాత మార్చుకోవడమంటే మాటలా? ఆ చెయ్యి అరవయ్యేళ్ళుగా ఒకలాగే తిరిగింది. కొమ్ము లోపలికి వంగబోతే "ఛీ, మళ్ళీ అటే పోతావేం," అని తన చేతిని తనే తిట్టుకునేవారు. మెల్లమెల్లగా కుదిరింది. కొత్త అక్షరాలు వెడల్పుగా, నిబ్బరంగా ఉండేవి. కొమ్ము బయటికి తెరుచుకుంది. పాత రాత ముద్దొచ్చేది. ఇది అలా కాదు, దీని ముందు నిలబడితే కొంచెం సర్దుకుని నిలబడాలనిపించేది.

రోజూ పొద్దున్నే వచ్చి బల్ల మీద ఒక మాట రాసి మా షాపు ముందు పెట్టేవారు. పెద్ద మాటలేం కాదు. ఈ రోజు మధ్యాహ్నం కరెంటుండదు, కాలవ కట్టేశారు నీళ్ళు పట్టుకోండి, అలాంటివి. సాయంత్రం తనే వచ్చి అరచేత్తో తుడిచేసేవారు. డస్టరు ముట్టేవారు కాదు. చెయ్యి ప్యాంటుకి కొట్టుకుంటే తొడ మీద తెల్లగా అయిదు వేళ్ళు పడేవి. "బట్టలుతికేది నేను కదా, ఈయనకేం," అని అమ్మగారు నాతో మొత్తుకునేవారు.

షరతు ఒక్కటే, ఫొటో తీయకూడదు. ఎవరైనా ఫోనెత్తితే బల్లకి అడ్డంగా నిలబడి, "కళ్ళున్నాయిగా, చూసుకోండి," అనేవారు. మా షాపు సీసీ కెమెరాని కూడా గోడవైపు తిప్పించారు. రాజమండ్రినుంచి, కాకినాడనుంచి డిజైను చదివే పిల్లలు వచ్చేవారు ఆ బల్ల చూడ్డానికి. వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇప్పించి గంటలకొద్దీ చెప్పేవారు, ఫోన్లు మాత్రం నా కౌంటరు మీద పెట్టించేవారు. వారం వారం నా ఫోనులో వాడి యాప్ తెరిపించి, కొత్తదేమైనా వచ్చిందా అని అడిగేవారు. రాలేదండి అంటే, "వస్తుందా మరి? అప్‌డేట్ చేసుకోమను చూద్దాం," అని మీసాల్లోంచి నవ్వేవారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

బుధవారం సాయంత్రం ఆయన తుడవడానికి రాలేదు. "కాళ్ళు లాగుతున్నాయమ్మా, బల్ల లోపల పెట్టెయ్యి, రేపొచ్చి తుడుస్తాను," అని ఫోను చేశారు. నేను బల్ల లోపల పెట్టి షట్టరు వేసుకున్నాను. రేపు ఆయన లేరు.

మా వైపు మనిషి పోతే ఫ్లెక్సు కట్టడం ఆనవాయితీ కదా. పోయినవారి పెద్ద ఫొటో, కింద వరసగా శిష్యుల ఫొటోలు, పేర్లు. మేస్టారి ఫ్లెక్సు నేనే కొట్టాను. ఒక్క అక్షరం వెయ్యలేదు. మంచి అక్షరాలు ఆయనవే, వాటికి కన్నం పడింది, మిగతావి ఆయనకి నచ్చవు. వట్టి ఫొటోలే వేశాను. ఊళ్ళోవాళ్ళకి మేస్టారి పేరు చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

వాడు కారులో వచ్చాడు, తెల్ల చొక్కా. సమాధి దగ్గర మైకు తీసుకుని ఏడ్చాడు కూడా. తర్వాత ఒక అట్ట చూపించాడు, మీద క్యూఆర్ కోడ్. దాన్ని ఫోనుతో స్కాన్ చేసి మన సంతాపం టైపు చేస్తే, ఆన్‌లైన్ పేజీలో వాడి యాప్ అక్షరాల్లోనే వస్తుందట. మేస్టారి చేతిరాతలో, మేస్టారికే సంతాపం! జనం ఫోన్లు తీశారు. పెట్టె మీద ఇంకా మన్ను కూడా పూర్తిగా పడలేదు. అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు గానీ లేకపోతే ఆ అట్ట నా చేతిలో చిరిగేది.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక అయ్యాక వాడు నేరుగా మా షాపుకొచ్చాడు.

"ఫ్లెక్సులో నా ఫొటో మర్చిపోయారా అక్కా?"

"మర్చిపోలేదు," అన్నాను.

వాడి చూపు నా మీద లేదు, లోపల గోడకి ఆనించిన బల్ల మీద ఉంది. మేస్టారు ఆఖరిసారి రాసిన మాట దాని మీద అలాగే ఉంది: దయచేసి బండ్లు అడ్డం పెట్టకండి, లోపలికి మనుషులు రావాలి.

"ఇదేనా అక్కా ఆ కొత్త రాత? అబ్బ. ఒక్క ఫొటో తీసుకోనివ్వండి. ఉన్న అక్షరాలు చాలు, మిగతావి ఏఐ నింపేస్తుంది. ఈసారి మేస్టారి పేరే పెడతాను, ప్రామిస్. దేశమంతా ఆయన పేరు తెలుస్తుంది."

అబద్ధం చెప్పను, నేను ఆగిపోయాను. నాకు కావలసింది అదే కదా, ఆయన పేరు. బతికుండగా ఆయన అడిగింది అదొక్కటే.

"ముందు పాతదానికి పెట్టు, ఇక్కడే, నా ఎదురుగా," అన్నాను. "ఆ రాత నీది కాదు, మేస్టారిదని నీ యాప్‌లో రాయి. అప్పుడు ఫొటో తీసుకో."

వాడు నవ్వాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "అది అయిపోయింది కదక్కా. కంపెనీలకి లైసెన్సులిచ్చేశాం. ఇప్పుడు మారిస్తే లీగల్‌గా చాలా ఇబ్బంది. దీనికి పెడతానంటున్నాను కదా," అంటూనే ఫోను పైకెత్తాడు.

నేను లేచి వెళ్ళి అరచేత్తో తుడిచేశాను. ఈ చివరినుంచి ఆ చివరికి, మేస్టారు తుడిచినట్టే. వాడు "అక్కా!" అని అరిచాడు. నేను వెనక్కి తిరగలేదు. నా చేతికింద ఆ కొమ్ములు, ఆ వత్తులు సుద్దపొడైపోతుంటే ఏడుపొచ్చింది, కానీ చెయ్యి ఆపలేదు. వాడికి దక్కలేదు. నాకూ దక్కలేదు. నా దగ్గర వాటి ఫొటో ఒక్కటి కూడా లేదు, మేస్టారికిచ్చిన మాట అది. తప్పు చేశానని చర్చిలో సగం మంది అంటున్నారు. అననివ్వండి. అమ్మగారు మాత్రం నా చీర మీద తెల్లటి వేళ్ళు చూసి, "నీకూ అంటుకుందా ఈ జబ్బు," అన్నారు.

బల్లని రోజూ పొద్దున్నే షాపు ముందు పెడుతున్నాను. దాని మీద ఏమీ రాయను. ఉత్త చేత్తో తుడిస్తే సుద్ద పూర్తిగా పోదు కదా. ఎదురుగా నిలబడితే నల్లగానే ఉంటుంది. పొద్దుటి ఎండ పక్కనుంచి పడ్డప్పుడు మాత్రం, దగ్గరికొచ్చి వంగి చూస్తే, "మనుషులు రావాలి" అన్న రెండు మాటలు మసగ్గా కనిపిస్తాయి. కొమ్ములు బయటికి తెరుచుకుని ఉంటాయి. నిన్న ఎవరో కుర్రాళ్ళు వచ్చి రకరకాలుగా ఫొటోలు తీసుకున్నారు. ఎంత తీసినా వట్టి నల్లబల్లే వస్తోంది ఆంటీ అని ఫోను చూపించారు.

"కళ్ళున్నాయిగా, చూసుకోండి," అన్నాను.